తలుపు పాటలో పోయిన బీటు

హలో… ఎవరండీ?… ఆ ఆ, నేనే మాట్లాడుతున్నా, మీరెవరు?

…ఎవరూ? ఇంకోసారి చెప్పు.

…ఓహో. నువ్వా.

గొంతు గుర్తుపట్టక కాదులే. ఈ గొంతు తెలియనివాళ్లెవరున్నారు గనక! నాకు ఫోను చేసే గొంతుల్లో ఇది లేదు, అదీ సంగతి.

సరే, ఎవరు పోయారు?

…మరి ఎవరో ఒకరు పోతేనే కదరా నువ్వు చేసేది! పోయినసారి చేసింది అమ్మ పోయినప్పుడు. అంతకుముందు మామయ్య. తమ్ముడి నుంచి ఫోనంటే నేను కుర్చీ చూసుకుని కూర్చున్నాకే ఎత్తాలి.

…ఎవరూ పోలేదా. సంతోషం. అయితే పనుండి చేశావు.

ఆ, పర్లేదు, మాట్లాడొచ్చు. బండిలో కూర్చున్నా. డ్రైవింగ్ నేర్చుకోవడానికి ఒకావిడ రావాలి, ఆవిడ కోసం చూస్తున్నా… అవును, అదే డ్రైవింగ్ స్కూలు. ఇంకా అదే. లేకపోతే నేనేం చేస్తున్నాననుకున్నావు?

…బావ బాగున్నారు. పిల్లా బాగుంది. అడగాలి కాబట్టి అడగకు, విషయానికి రా.

…

తెలుసు, రేపు సాయంత్రం. తెలియకేం, పోస్టరు తెచ్చి మా స్కూలు గోడకే అంటించారు. పొద్దున్నే షట్టరు తీస్తే ముందు నీ మొహమే. అది సరేగానీ, మెడకి ఆ నల్ల బో టై ఏమిట్రా? పెద్ద హోటల్లో 'ఏం తీసుకుంటారండీ' అని వచ్చే ఆయనలా ఉన్నావు! చొక్కా గుండీలన్నీ తెంపుకుని స్టేజీ మీద దొర్లినవాడివి నువ్వు…

…నవ్వట్లేదు. సరే, నవ్వుతున్నా. నవ్వకూడదా?

విన్నాను కూడా… నిన్ననే. రిహార్సల్‌ది, నీ పాట లేకుండా వాయిద్యాలొక్కటే. మీ ఆవిడ పంపింది. నీకు చెప్పొద్దంది, నేను చెప్పేశా, పోనీ. దాన్నేం అనకు. బంగారం లాంటి పిల్ల, నీకెలా దొరికిందో నాకిప్పటికీ తెలియదు.

…ఎలా ఉందంటే… నిజం చెప్పనా?

బాగుంది రా.

…అవును, నేనే అంటున్నా. తిడదామనే పెట్టుకున్నా. రాక్ పాటలు తీసుకెళ్లి వయొలిన్ల వాళ్ల చేతిలో పెట్టడమేమిటి, పులికి పట్టు పావడా కట్టినట్టుంటుంది అనుకున్నా. మన పాటలకి జనం కుర్చీలెక్కి గెంతేవాళ్లు. రేపొచ్చేవాళ్లేమో ఆ కుర్చీల్లోనే ఒద్దిగ్గా కూర్చుంటారు, దగ్గొచ్చినా పాట అయ్యేదాకా బిగబట్టుకుంటారు. ఇదేం ఖర్మ అనుకున్నా. తీరా వింటే…

ఆ పాటల్ని ఆర్కెస్ట్రాకి మార్చి రాసిందెవరు?… అమ్మాయా? పెద్దావిడేనా?… అంత చిన్నపిల్లా! ఆ పిల్లకి చెవులున్నాయి రా. మన గడ్డంగాడు గిటారు మీద చెవులు చిల్లులు పడేలా వాయించేవాడే ఆ ముక్క, దాన్ని తీసుకెళ్లి ఒక్క ఫ్లూటుకి ఇచ్చింది. ఒకే ఒక్క ఫ్లూటు! చుట్టూ అందరూ ఊరుకుంటే అదొక్కటీ… గడ్డంగాడు విన్నాడా?… ఏడ్చాడా?… ఏడవడూ మరి. తను చేసిన గోలలో అంత చక్కటి వరస ఉందని వాడికే తెలియదు పాపం.

ఇక తలుపు పాట… మొదట్లో ఆ ఠక్ ఠక్ ఉంటుంది చూడు. నేను డ్రమ్స్ మీద వేసేది. ఆ పిల్ల దాన్ని డ్రమ్స్‌కి ఇవ్వలేదు. వయొలిన్ల వాళ్లంతా తీగలు వదిలేసి, వాయిద్యం చెక్క మీద వేలి కణుపులతో తట్టారు. మొదట ఒక్కరు. తర్వాత నలుగురు. తర్వాత అందరూ… అక్కడ ఇంక నావల్ల కాలేదు. బండి పక్కకి తీసి ఆపేశా.

…ఎందుకేమిటి! అది నేను తట్టిన తలుపు రా! నాన్న తిట్టారని నువ్వు స్టోర్ రూములోకి పోయి గడియ పెట్టుకుంటే బయట నించుని తట్టిందెవరు? రేయ్ బయటికి రా, రేయ్ అన్నం తిను అని తట్టి తట్టి, విసుగు పుట్టి, దాన్నే ఒక తాళంగా వేసిందెవరు? లోపల్నుంచి నువ్వందుకున్నావు, 'తియ్యను పో' అని. అలా పుట్టింది ఆ పాట. మొన్న ఏదో ఇంటర్వ్యూలో 'ఒక ఒంటరి రోజున నాలోంచి పొంగింది' అన్నావుట. ఎంత ఒంటరితనం రా, తలుపవతల నేను చేతులు వాచిపోయేలా కొడుతుంటే!

…సరే, వదిలేయ్. ఇంతకీ ఎందుకు చేశావు?

…ఒక్క నిమిషం ఉండు. రండమ్మా, కూర్చోండి. ఇటు కాదు, స్టీరింగు వైపు. సీటు ముందుకి లాక్కోండి, అద్దాలు సరిచేసుకోండి. తాళం మాత్రం తిప్పకండి, నేను చెప్పాక. ఇంటి ఫోను, రెండు మాటలు మాట్లాడి పెట్టేస్తా.

ఆ, చెప్పు… వింటే విననీ, ఆవిడేం చేస్తుంది. చెప్పు నువ్వు.

…

ఆగిపోతోందా? ఏది?… తలుపు పాటేనా. ఎక్కడ?

…ఆగాగు. నెమ్మదిగా చెప్పు. అరవైమంది వాయిస్తున్నారు, నువ్వొక్కడివి పాడుతున్నావు. చరణం మధ్యలోకి రాగానే అంతా కలగాపులగమైపోతోంది… ఊఁ… వాళ్లందర్నీ నడిపించే కండక్టరు చేతిలో పుల్ల కింద పెట్టేసి బయటికి వెళ్లిపోయాడా! అయ్యో… పొద్దుట్నుంచీ ఇదేనా? మొదలెట్టడం, ఆగడం, మొదలెట్టడం, ఆగడం…

ఎవరిది తప్పంటావు?… వాళ్లదా. అరవైమందీ కూడబలుక్కుని ఒకేసారి తప్పుతున్నారు, నువ్వొక్కడివే సరిగ్గా ఉన్నావు.

…నవ్వకపోతే ఏం చెయ్యను రా! ఉండు… నన్ను నవ్వనీ… అబ్బ… అమ్మా, మీరు కంగారు పడకండి, నాకేం కాలేదు, అద్దం చూసుకోండి మీరు.

ఆ పిల్ల ఎలా రాసింది ఆ చోటు? రికార్డు విని రాసిందా?… మన పాత రికార్డే? అంటే రికార్డులో రెండో చరణంలో ఒక బీటు పోయింది కదా, కాగితం మీద కూడా అక్కడ ఒక బీటు తీసేసిందా?… ఔరా! మన తప్పుని కూడా వదలకుండా అచ్చు దించింది. అంతమందీ దాన్ని శ్రద్ధగా నేర్చుకుని వాయిస్తున్నారు… వాయిస్తున్నారు కదా సరిగ్గా? రెండో చరణంలో ఒక బీటు తగ్గించి?

మరింకేమిటి బాధ?

…ఊఁ.

…మూడో చరణంలోనా? మూడో చరణంలో నువ్వు ముందందుకున్నావు. కాగితం మీద అక్కడేం లేదు. వాళ్లు కాగితం చూసి వాయిస్తారు కాబట్టి నువ్వొక దారి, వాళ్లొక దారి.

…సరే, దాన్ని దిద్దుకున్నారు. మళ్లీ మొదలెట్టారు. అప్పుడు?… మొదటి చరణంలోనా! ఆ తర్వాత?… మళ్లీ రెండో దాంట్లో, కానీ వేరేచోట.

ఒరేయ్.

నేనొకటి అడుగుతా, దానికి మాత్రం తిన్నగా జవాబు చెప్పు. నేను అక్కడున్నానా?

…అక్కడ, ఆ హాల్లో, ఆ స్టేజీ మీద, నేనున్నానా అంటున్నా. ఉన్నానా లేనా?… లేను. డ్రమ్స్ ఉన్నాయా?… అసలు లేవు. ఆ గంగాళాల్లాంటి పెద్ద వాయిద్యాలు రెండున్నాయి కదా, వాటినైనా వాయిస్తున్నారా ఆ చరణాల్లో?… లేదు. అవీ ఊరుకున్నాయి.

మరి బీటు ఎవరు తిన్నారు రా?

…నేను లేను, నా డ్రమ్స్ లేవు, నేను ఇంత దూరాన బండిలో కూర్చున్నా. అక్కడ బీటు పోయింది. పొద్దుట్నుంచీ పోతూనే ఉంది. ఎవరు తిన్నారు?

రికార్డింగు రోజు గుర్తుందా నీకు? నాకు గుర్తుంది, నీకు గుర్తు చేస్తా ఉండు. టిక్కు టిక్కుమనే మిషను చెవిలో పెట్టుకుని పాడమన్నారు. నువ్వు పెట్టుకోలేదు. 'రాక్ అంటే గడియారం కాదు' అన్నావు. ఏం డైలాగు! అందరం ఒకే గదిలో, ఒక్కసారే వాయించాం. రెండో చరణంలో నువ్వు ఒక బీటు ముందందుకున్నావు. అదేం కొత్తా నీకు? స్టేజీ మీద రోజూ అందుకునేవాడివే. కళ్లు మూసుకుని పాడతావు, ఊపు తన్నుకొస్తుంది, ముందుకి దూకుతావు. పుట్టడమే నెల ముందు పుట్టావు, ఇంక పాటకేం ఆగుతావు!

మరి నేనేం చేశాను? రోజూ చేసేదే చేశా. ఒక బీటు మింగేసి నీ వెంట దూకా. నేను దూకితే గడ్డంగాడు దూకాడు, మిగతావాళ్లూ దూకారు. అందరం కలిసే దిగాం. వినేవాడికి ఏం తెలుస్తుంది? నీ పాట దివ్యంగా ఉంది, డ్రమ్స్‌లో మాత్రం ఒక దెబ్బ తగ్గింది. ఎవరి దెబ్బ? నాది. నీ తప్పు కప్పడానికి నేను చేసింది నా తప్పయి కూర్చుంది.

…అడ్డు రాకు. ఇన్నేళ్లు నేనేం అడ్డు రాలేదు కదా.

రికార్డింగు చేయించిన కళ్లజోడాయన రెండుసార్లు పెట్టుకు విన్నాడు. 'డ్రమ్స్ అమ్మాయి బీటు తప్పింది' అన్నాడు. నేను నీ మొహం చూశా. నువ్వు తేలు కుట్టిన దొంగలా నేల చూశావు… ఏమీ అనలేదా? అన్నావు లేరా! నేనే అడిగా, 'నువ్వే కదరా ముందొచ్చింది, చెప్పు' అని. 'లేదక్కా, నేను సరిగ్గానే వచ్చా' అన్నావు. అందరి ముందూ అన్నావు. అప్పుడే మొలుస్తున్న ఆ మీసాలు సవరించుకుంటూ మరీ అన్నావు.

వారం తిరిగేసరికి నా స్టూలు మీద ఇంకెవడో కూర్చున్నాడు. నా కర్రలతోనే వాయించాడట కూడా… ఆహా, వాడి తప్పేముంది, వాణ్ణేం అనను.

ఆ తర్వాత నేనేం చేశానో తెలుసా నీకు?… తెలియదు. ఎవరికీ చెప్పలేదు, మీ బావకి కూడా.

ఆ టిక్కు టిక్కు మిషను ఒకటి కొనుక్కొచ్చుకున్నా. వంటగదిలో పెట్టుకుని, తలుపేసుకుని, గట్టు మీద వేళ్లతో కొట్టుకునేదాన్ని. తప్పుతానేమో చూద్దామని. రోజుల తరబడి చూశా. తప్పలేదు. అయినా మనసు కుదుటపడలేదు. మిషనుతో తప్పకపోవచ్చు, మనుషులతో వాయిస్తే తప్పుతానేమో అనుకున్నా. నువ్వు ముందొచ్చావని నాకు తెలుసు కదా, కళ్లారా చూశా కదా… అయినా, ఇంతమంది కాదంటున్నారు, తోడబుట్టినవాడే కాదంటున్నాడు, నేనే సరిగ్గా చూడలేదేమో… నా కళ్లని నేను నమ్మలేదు. నా చేతిని నేను నమ్మలేదు రా.

డ్రమ్స్ అటకెక్కించేశా. కర్ర మళ్లీ పట్టుకోలేదు. పిల్ల మొదటి పుట్టినరోజున ఇల్లంతా చుట్టాలు, అందరూ పాడుతూ చప్పట్లు కొడుతున్నారు. నేను చేతులు వెనక్కి కట్టుకుని నించున్నా. నా కూతురి పుట్టినరోజుకి నేను చప్పట్లు కొట్టలేదు రా! తప్పు కొడతానేమోనని భయం…

…లేదు, ఏడవట్లేదు. వద్దమ్మా, రుమాలు వద్దు, థాంక్సండీ… సరే ఇవ్వండి.

…

ఊఁ. ఇప్పుడు చెప్పు. నీకేం కావాలి?

…రావాలా. నేను. ఎక్కడికి?… రేపు, స్టేజీ మీదకి. సరే, వచ్చాననుకో, ఎక్కడ కూర్చోబెడతావు?… ఆ గంగాళాల వెనకాల. ఊఁ. నల్ల బట్టలు వేసుకుని. చిన్న డ్రమ్ము ఒకటి ఒళ్లో పెట్టుకుని… నేను నిన్ను కనిపెట్టుకుని ఉండాలి, కండక్టరు నన్ను కనిపెట్టుకుని ఉంటాడు. నువ్వు దూకితే నేను దూకాలి, నేను దూకితే వాళ్లంతా దూకుతారు. అంతే కదా? పాత పనే.

అంతమందిలో నేనెవరినో జనానికి తెలిసేదెలా?… తెలియక్కర్లేదా. 'మనలో మనకి పేరెందుకక్కా'నా? నీ పేరు మాత్రం గోడల నిండా ఉండొచ్చు. ఏరు దాటి తెప్ప తగలేశావు, ఇప్పుడు ఇంకో ఏరొచ్చిందని అక్క గుర్తొచ్చింది.

…అరవను. సరే, అరవను.

అవునూ, ఇంత పెద్ద కండక్టరు, ముక్కూ మొహం తెలియని మనిషిని తెచ్చి మధ్యలో కూర్చోబెడతానంటే ఎలా ఒప్పుకున్నాడు?… ఊరికే ఒప్పుకోరు కదా. ఏం చెప్పావు ఆయనకి?

…అదే, ఏదో చెప్పానంటే ఏం చెప్పావు?

…ఏం చెప్పావు రా?

…

మళ్లీ అను.

…'మా అక్కకి వాయించేటప్పుడు బీటు వదిలేసే అలవాటు. ఆవిడ అలవాటే ఆ పాటకి పట్టుకుంది. ఆవిడుంటేనే కుదురుతుంది.' ఇదేనా? ఇదే చెప్పావా? అరవైమంది ముందా, ఆయన ఒక్కడికేనా?… మైకులోనా!

ఆడలేనివాడు మద్దెల ఓడన్నాడట. నువ్వు వాడికంటే ఘనుడివి కదరా, మద్దెల లేనేలేదు, అయినా తప్పు మద్దెలదే!

…ఏం చేస్తావు ఇంక, చెప్పేశావుగా. ఛీ ఛీ, నీతో మాట్లాడ్డం నాది బుద్ధితక్కువ. పెట్టేయ్.

…

…లేదు, వింటున్నా. కాళ్లు పట్టుకుంటానా? ఫోనులో ఏ కాళ్లు దొరుకుతాయి నీకు! అందితే జుట్టు, అందకపోతే కాళ్లు, ఎప్పుడూ అంతేగా.

సరే, ఒక్కటి అడుగుతా. మనిద్దరి మధ్యే. ఎవరూ లేరు, మైకు లేదు. ఆ రోజు ముందొచ్చింది ఎవరు?

…'ఇప్పుడవన్నీ ఎందుకు' కాదు. ఎవరు?

…'ఇద్దరం' ఏమిటి రా, ఇద్దరం ఎలా వస్తాం! ఎవరు?

…

ఏమన్నావు? గట్టిగా.

…

ఊఁ.

'నేనే అక్కా.' ఊఁ… విన్నా.

…ఉండు.

ఈ మాట కోసం ఎన్నేళ్లు చూశానో తెలుసా? అంటే ఎలా ఉంటుందో, నేనేం చేస్తానో, ఎన్నిసార్లు అనుకున్నానో. నిన్ను చెడామడా తిట్టి, ఆ తర్వాత పోనీలే అని…

…ఏమిటీ?

…అందరికీ తెలుసంటే? అందరూ అంటే ఎవరు?… గడ్డంగాడికి తెలుసా? అప్పుడే?… ఆ కళ్లజోడాయనకి? ఆయనే కదా నేను తప్పానన్నది!… రెండోసారి విన్నప్పుడే తెలిసిపోయిందా. మరి తెలిసి నన్నెందుకు…

…ఊఁ.

…'పాడేవాణ్ణి మార్చలేం, డ్రమ్స్ వాయించేవాళ్లని మార్చొచ్చు.' ఆయనన్నాడు. నువ్వు అక్కడే ఉన్నావు. విన్నావు. ఊరుకున్నావు.

అంటే ఎవ్వరూ నేను తప్పాననుకోలేదు. ఒక్కరంటే ఒక్కరు కూడా. అనుకున్నది నేనొక్కదాన్నే… నేనొక్కదాన్నే నమ్మాను రా దాన్ని!

…ఆగు. అమ్మకి?

…అమ్మకి తెలుసా అని అడుగుతున్నా.

…ఎప్పుడు చెప్పావు?… ఆ రోజే. ఇంటికి రాగానే. ఏమంది?… 'దానికి చెప్పకు, అది పెంకిది, వీధిన పడి రచ్చ చేస్తుంది. నీ కాళ్లు ఇప్పుడే నిలదొక్కుకుంటున్నాయి' అందా.

అమ్మ నా పక్కన కూర్చుంది రా ఆ వారం. నేను అన్నం మానేసి పడుకుంటే నా తల ఒళ్లో పెట్టుకుంది. చిక్కులు తీస్తూ అంది, 'పోనీలేమ్మా, తాళం అందరికీ కుదరదు. ఇంకేదైనా నేర్చుకుందువులే' అని. నేను ఆ ఒళ్లోనే ఏడ్చా. ఎంత మంచిది మా అమ్మ, తప్పు చేసినా ఒక్క మాట అనలేదు అనుకున్నా…

తెలిసే అందన్నమాట.

…లేదు, అమ్మనేం అనట్లేదు. పోయిన మనిషిని ఏమంటాం… ఎందుకనను! అంటా! తను చేసింది తప్పు కాదూ? కడుపున పుట్టిందాన్ని కాదూ నేను?

…

చాలు. నువ్వు ఏడవకు. నీకు ఏడవడం కూడా నాకంటే ముందే.

విను. నీకు నేను రానక్కర్లేదు… అవును, అక్కర్లేదు. కండక్టరు పనేమిటో తెలుసా నీకు? పాడేవాడు తొందరపడితే పట్టుకోవడం, వెనకబడితే ఆగడం. ఎంతమందిని పట్టుకుని ఉంటాడు ఆయన, నువ్వొక లెక్కా! ఆయన పట్టుకోలేకపోయింది ఎందుకంటే నువ్వు సరిగ్గా పాడుతున్నాననీ తప్పు పాటలో ఉందనీ చెప్పావు. ఆయన అది నమ్మాడు. నిన్ను చూడ్డం మానేసి, ఎవడు తప్పుతున్నాడా అని ఆ అరవైమందినీ వెతుక్కుంటున్నాడు. నా బుద్ధే ఆయనకీ పుట్టింది, నీ మాట నమ్మడం.

ఆయన దగ్గరికి వెళ్లి ఒక్క ముక్క చెప్పు. 'అయ్యా, నేను ముందొచ్చేస్తాను. ఎక్కడొస్తానో నాకే తెలియదు. నన్ను కాస్త కనిపెట్టుకోండి.' అంతే. మైకులో వద్దు, చెవిలో చెప్పు. నా పేరు ఎత్తొద్దు. క్షమాపణలొద్దు, టికెట్టు వద్దు, నన్ను పిలవనే వద్దు. అదొక్కటి నీ నోటితో ఇంకో మనిషికి చెప్పు. పాట నడుస్తుంది. నాకూ అదే చాలు. ఒట్టు, ఇంకేం అడగను నిన్ను. రేపొచ్చి వెనక వరసలో కూర్చుని చప్పట్లు కూడా కొడతా.

…పరువా? ఎవరి దగ్గర? అరవైమందికీ చెవులున్నాయి రా, వాళ్లకి ఈపాటికే తెలిసి ఉంటుంది. నీ నోటితో రావాలనే చూస్తున్నారు.

…ఎక్కడున్నాడు ఆయన?… కనిపిస్తున్నాడా? కాఫీ తాగుతున్నాడు, సరే. ఇప్పుడే వెళ్లు. ఫోను పెట్టేయకు, చేతిలో పట్టుకునే వెళ్లు. నేను వింటా.

…వెళ్లరా నాన్నా. చిన్నప్పుడు ఇంజెక్షన్‌కి తీసుకెళ్లినట్టు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాలా ఇంకా? వెళ్లు.

…

…

అమ్మా, ఒక్క నిమిషం, ఇంక అయిపోయింది. క్లచ్ మీద నుంచి కాలు తీసేయండి, నొప్పి పుడుతుంది.

…

ఆ… వింటున్నా…

…

హలో?

…ఆ, విన్నా. వినబడింది.

లేదు, పూర్తిగానే వినబడింది. 'ఆ పాట తీసేద్దామండీ. దాని బదులు వేరేది పాడతా, నాకు గొంతు కూడా బాగోలేదు.' అదేగా అన్నావు.

…జనం దాని కోసమే వస్తున్నారు రా. ఆ పిల్ల ఎన్నాళ్లు కూర్చుని రాసిందో! వాళ్లంతా వాయిద్యాలు ఒళ్లో పెట్టుకుని ఠక్ ఠక్‌మని… అంతమంది అంత కష్టపడి నేర్చుకున్నది… ఒక్క మాట అనలేక పాటనే తీసేస్తావా?

…నన్ను తీసేశావు, సరే. పరాయిదాన్ననుకుని తీసేశావు. అది నీ పాట కదరా!

…ఏమిటీ? 'నీకేం తెలుసు నా బాధ'నా? ఆగు, మాట పూర్తి చేయనీ… ఒరేయ్… హలో?

హలో…

…పెట్టేశాడమ్మా.

ఆ, పోస్టరు మీదున్న ఆయనేనండీ. మా తమ్ముడు… అవును, బాగా పాడతాడు. కాకపోతే ఒక బీటు ముందొస్తాడు.

వాడేనండీ ముందొచ్చేది. నేను కాదు.